మంచి సలహా, వేరే ఇంజన్‌ది

మా అక్క కొడుకు కొత్త కారు కొన్నాక మొదటి పూజ మన ఊళ్లోనే కావాలని పట్టుబట్టి, ఝరాసంగం కేతకీ సంగమేశ్వర స్వామి గుడి ముందు చేయించాడు. ఆ రోజు అమావాస్య. బీదర్ వైపు నుంచీ మహారాష్ట్ర నుంచీ వచ్చిన భక్తులు గుండంలో స్నానం చేసి తడిబట్టలతో దర్శనానికి నడుస్తున్నారు. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ గీసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టే లోపే ఆ కారులో ఏ ఇంజన్ ఆయిల్ పోయాలో నలుగురు నాలుగు మాటలు చెప్పేశారు.

ట్రాక్టరు ఉన్న మా బాబాయి, "మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు బిడ్డా, చిక్కటిది పోయించు" అన్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన స్నేహితుడు, "గింత పికప్ ఉన్న బండికి రేసింగ్ ఆయిల్ లేకపోతే ఎట్లరా" అన్నాడు. జహీరాబాద్‌లో మా కుటుంబం బళ్లన్నీ చూసే ఉస్తాద్, "షోరూముల ఎందుకు పైసలు దండుగ? అదే ఆయిల్ నేను సగం ధరకు మారుస్త" అన్నాడు. నాలుగో ఆయన భయపెట్టాడు: "బయట ఒక్క బోల్టు ముట్టినా వారంటీ పోతది, గుర్తుపెట్టుకో."

రాత్రి అన్నాలయ్యాక వాడు నా పక్కన మంచం మీద కూర్చుని, "మామా, ఎవరి మాట వినాలె?" అని అడిగాడు.

ఈ అధ్యాయం ఆ ప్రశ్నకు జవాబు. కారు ఆయిల్ గురించే చెబుతాను, వివరంగా చెబుతాను. ఎందుకంటే సలహాలు నాలుగు వైపుల నుంచి వచ్చి పడ్డప్పుడు మనిషి ఎలా తేల్చుకోవాలో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు ఇంకొకటి దొరకలేదు. ఇక్కడ తప్పు తేల్చుకుంటే లక్షల రూపాయల ఇంజన్ పోతుంది, వారంటీ కూడా ఆదుకోదు.

ఆ రాత్రి నేను వాడికి మొదట చెప్పిన మాట ఇదే: ఆ నలుగురిలో ఒక్కరు కూడా నీకు అబద్ధం చెప్పలేదు. బాబాయి అనుభవం నిజం. ఉస్తాద్ చేతి పని నిజం. అయితే ఆ అనుభవం ఏ ఇంజన్ మీద వచ్చిందో అడిగావా?

జహీరాబాద్‌కు ఇంజన్లు కొత్త కాదు. 1980ల్లోనే ఇక్కడ ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యాయి, తర్వాత ఆ కంపెనీ మహీంద్రా చేతికి వచ్చింది. ఈ రోజు అదే పట్టణంలో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. ఇక్కడి మెకానిక్కుల చేతుల్లో రెండు తరాల పనితనం ఉంది. కానీ ఆ పనితనంలో ఎక్కువ భాగం డీజిల్ ట్రాక్టరుది. ట్రాక్టరు ఇంజన్ నిమిషానికి రెండు వేల చుట్లకు అటూ ఇటూ తిరుగుతూ రోజంతా బరువు లాగుతుంది. దానికి 15డబ్ల్యూ-40 లాంటి చిక్కటి ఆయిల్ సరైనదే. మావాడి కారులో ఉన్నది వెయ్యి సీసీ లోపు చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్. ఆరు వేల చుట్లకు ఎగబాకుతుంది. దాని టర్బో లోపలి చక్రం గట్టిగా నొక్కినప్పుడు నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. ఆ చక్రం ఇరుసుకీ బేరింగుకీ మధ్య ఉండేది వెంట్రుక కంటే సన్నని ఆయిల్ పొర. అంతకుమించి అక్కడ ఇంకేమీ లేదు.

డబ్బా మీది మొదటి అంకెలు

ఆయిల్ డబ్బా మీద 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 అని ఉంటుంది. ఇది అమెరికాలోని ఎస్‌ఏఈ అనే ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం పెట్టిన కొలత. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. అంకె ఎంత తక్కువైతే అంత తేలిగ్గా పారుతుంది. వెనకున్న అంకె ఇంజన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఆ వేడిలో 20 గ్రేడు చిక్కదనం 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి. 40 గ్రేడుది 12.5 నుంచి 16.3 లోపు. ఆ అంకెలు మీరు గుర్తుపెట్టుకోనక్కరలేదు. వేడి మీద 40 గ్రేడు 20 గ్రేడుకు దాదాపు రెట్టింపు చిక్కన అని తెలిస్తే చాలు.

"మనకు మంచు పడదు కదా, చలి అంకెతో పనేముంది?" అని చాలామంది అడుగుతారు. మా ప్రాంతం వాళ్లు మాత్రం ఆ మాట అనకూడదు. చలికాలంలో తెలంగాణ మొత్తం మీద తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోట్లలో మా పక్కనున్న కోహీర్ పేరు తరచూ వస్తుంది, పది డిగ్రీల లోపుకు దిగిపోతుంది. ఆ సంక్రాంతికి మావాడు ఊరికి వచ్చినప్పుడు రెండు సీసాలు రాత్రంతా ప్రహరీ గోడ మీద పెట్టించాను. ఒకటి 0డబ్ల్యూ-20, రెండోది 20డబ్ల్యూ-50. పొద్దున ఆరింటికి, వేళ్లు కొంకర్లు పోయే చలిలో, స్టీలు పళ్లెం ఒకటి ఏటవాలుగా పట్టుకుని రెండింటి నుంచీ ఒక్కో చెంచా పోశాం. మొదటిది పోసీ పోయగానే జారి అంచు దాటింది. రెండోది బెల్లం పాకంలా మెల్లగా సాగి, పళ్లెం సగంలో ఉండగానే మేం చాయ్ తాగడం మొదలుపెట్టాం. చెరుకు తోటల మధ్య పెరిగినవాళ్లకు ఆ పోలిక వేరే చెప్పాలా? ఉస్తాద్ కూడా ఆ రోజు మా ఇంటికి వచ్చి ఉన్నాడు. పళ్లెం తన చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "టర్బో దాక చేరేటాళ్లకు లేటయితది కదా సార్" అన్నాడు.

ఆయన అన్నది అక్షరాలా నిజం. ఇంజన్ అరుగుదలలో చెప్పుకోదగ్గ వాటా ఉదయం మొదటిసారి స్టార్ట్ చేశాక, ఇంజన్ వేడెక్కే లోపు జరుగుతుంది. చిక్కటి ఆయిల్ అప్పుడు త్వరగా పైకి ఎక్కదు.

ఇక ఎండల సంగతి. బయట 43 డిగ్రీలున్నా 23 ఉన్నా, నడుస్తున్న ఇంజన్లో నీళ్ల వేడిని థర్మోస్టాట్ 90 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది. మామూలు నడకలో ఆయిల్ 90 నుంచి 110 మధ్య తిరుగుతుంది. బయటి ఎండ దాన్ని కొద్దిగా పెంచుతుందే గానీ, బాబాయి భయపడినంతగా తలకిందులు చేయదు. పైగా కొన్ని మాన్యువళ్లలో ఉష్ణోగ్రతల పట్టిక ఉంటుంది, వేడి ప్రాంతాలకు రెండో గ్రేడు కూడా అనుమతిస్తుంది. అలా ఉంటే వాడుకోవచ్చు. కానీ మీ కారుతో పాటు వచ్చిన మన దేశపు మాన్యువల్లోనే చూడండి. అదే పేరున్న కారుకు దుబాయ్‌లోనో జర్మనీలోనో వేరే గ్రేడు రాసి ఉండవచ్చు. అక్కడి పెట్రోలు వేరు, ఒక్కోసారి ఇంజనే వేరు.

కొత్త ఇంజన్లో ఆయిల్ చేసే పనులు మన పెద్దలకు తెలిసినవాటికంటే ఎక్కువ. వాల్వుల టైమింగును ముందుకూ వెనక్కూ జరిపేది ఆయిల్ ఒత్తిడే. పిస్టన్ అడుగున సన్నటి జల్లులా కొట్టి చల్లబరిచేది ఆయిలే. సన్నటి దారులు, చిన్న జాలీలు, చిన్న సోలెనాయిడ్లు అన్నీ ఒక చిక్కదనాన్ని లెక్కలోకి తీసుకుని కట్టారు. అందులో 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజన్ శబ్దం కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది, దాంతో మనకు తృప్తిగా ఉంటుంది. లోపల టైమింగు ఆలస్యమవుతుంది, మైలేజీ పడిపోతుంది, చెక్ ఇంజన్ లైటు వెలగవచ్చు. రెండో వైపు తప్పు కూడా ఇంతే ప్రమాదం. 5డబ్ల్యూ-40 అడిగే ఇంజన్లో మైలేజీ కోసం 0డబ్ల్యూ-20 పోస్తే, గట్టిగా నడిపినప్పుడు బేరింగుల మధ్య పొర తెగిపోతుంది. చిక్కన మంచిదనీ పల్చన మంచిదనీ ఏదీ లేదు. రాసింది మంచిది.

టాప్ గేర్‌లో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు

చాలామంది గ్రేడు చూసి ఆగిపోతారు. అసలు మోసం జరిగేది రెండో వరుసలో. అక్కడ ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) అని, దాని పక్కన రెండు అక్షరాలు ఉంటాయి. ఎస్‌ఎల్, ఎస్‌ఎం, ఎస్‌ఎన్, ఎస్‌పీ. మొదటి అక్షరం ఎస్ అంటే పెట్రోల్ ఇంజన్ ఆయిల్. రెండో అక్షరం అక్షరమాలలో ఎంత వెనక ఉంటే ఆయిల్ అంత కొత్త పరీక్షలకు నిలిచినట్టు. చిన్న టర్బో కారున్నవాళ్లకు ఇది ఎంత ముఖ్యమో ఒక దృశ్యంలో చెబుతాను.

65వ నంబరు జాతీయ రహదారి మీద సంగారెడ్డి దాటి వస్తున్నారు. నలుగురు కూర్చున్నారు, ఏసీ నడుస్తోంది, ముందు ఫ్లైఓవర్. గేరు తగ్గించడానికి బద్ధకించి టాప్ గేర్‌లోనే, ఇంజన్ పదిహేను వందల చుట్ల దగ్గర ఉండగా యాక్సిలరేటర్ నేల దాకా నొక్కారు. టర్బో గాలిని కూరుతుంది. పిస్టన్ పక్కన మిగిలిన ఆయిల్, పెట్రోలు కలిసిన ఒక చుక్క, ప్లగ్గు నిప్పు వేయకముందే అంటుకుంటుంది. సిలిండర్లో ఒత్తిడి ఒక్కసారిగా ఎగిసిపోతుంది. మీకు 'టక్' మని ఒక శబ్దం వినిపిస్తుంది, అది కూడా వినిపిస్తేనే. అదృష్టం బాగాలేకపోతే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది. దీన్ని ఇంజనీర్లు తక్కువ వేగపు ముందస్తు మంట అంటారు, ఎల్‌ఎస్‌పీఐ అని పొట్టి పేరు.

ఆయిల్లో మురికిని కడిగే కాల్షియం మందు ఎక్కువగా ఉంటే ఈ జబ్బు పెరుగుతుందని పరిశోధనలో తేలింది. అందుకే ఆయిల్ కంపెనీలు కాల్షియం కొంత తగ్గించి మెగ్నీషియం కలిపాయి. 2018లో ఏపీఐ 'ఎస్‌ఎన్ ప్లస్' అనే మెట్టు తెచ్చింది, 2020లో 'ఎస్‌పీ' వచ్చింది, 2025లో 'ఎస్‌క్యూ'. ఎస్‌పీలో టైమింగ్ చెయిన్ అరుగుదలకు కూడా పరీక్ష పెట్టారు. అంటే, పల్లె దుకాణం అరలో ఏళ్ల తరబడి ఉన్న ఎస్‌ఎం డబ్బా పాత మారుతికి పనికొస్తుందేమో, మీ టర్బోకు మాత్రం కాదు, గ్రేడు అంకెలు అచ్చంగా కలిసినా సరే. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో 998 సీసీ నుంచి 120 పీఎస్ శక్తి తీస్తారు. టాటా ఆల్ట్రోజ్ రేసర్ 1.2 లీటర్ల నుంచి అంతే తీస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ ఒకటిన్నర లీటరు ఇంజన్‌ది 150 పీఎస్. ఒకప్పుడు రెండు లీటర్ల ఇంజన్ చేసే పని ఇది. అంత పని చేసే చిన్న ఇంజన్‌కు పాత తరం ఆయిల్ ఇవ్వడం అన్యాయం.

గేరు తగ్గించడం కూడా ఆయిల్ ఎంపికంత ముఖ్యమని ఇక్కడే చెప్పేస్తాను. ఏ ఆయిల్ అయినా ఈ జబ్బును తగ్గించగలదే గానీ, అలవాటును దిద్దలేదు.

మూడో వరుస కార్ల కంపెనీ సొంత కోడ్. అన్ని కార్లకూ ఉండదు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, మెర్సిడెస్, బీఎండబ్ల్యూ లాంటివాటికి తప్పనిసరిగా చూడాలి. ఉదాహరణకు వీడబ్ల్యూ 504 00, వీడబ్ల్యూ 508 00. ఈ రెండూ ఒకటి కావు. 508 00 అంటే పల్చటి 0డబ్ల్యూ-20 రకం. గుర్తుపట్టడానికి వీలుగా దానికి ఆకుపచ్చ రంగు కలుపుతారు. అది కొత్తది కదా అని 504 00 అడిగే పాత ఇంజన్లో పోయకూడదు.

ఈ వరుసలో ఇంకో సూక్ష్మం ఉంది. డబ్బా వెనక కోడ్ పక్కన 'అప్రూవ్డ్' అని ఉంటే, కార్ల కంపెనీ ఆ ఆయిల్‌ను పరీక్షించి ఆమోదించినట్టు. 'మీట్స్' అనో, 'సూటబుల్ ఫర్' అనో, 'రికమెండెడ్ ఫర్' అనో ఉంటే అది ఆయిల్ అమ్మేవాడి మాట. ఆయన మాట నిజమే కావచ్చు. కానీ వారంటీ తగాదా వచ్చిన రోజు మీ వైపు నిలబడేది మొదటి మాటే. అలాగే 'ఫుల్లీ సింథటిక్' అన్న పెద్ద అక్షరాలకు లొంగకండి. 1999లో అమెరికాలో కాస్ట్రోల్, మొబిల్ మధ్య వచ్చిన వివాదం తర్వాత బాగా శుద్ధి చేసిన పెట్రోలియం ఆయిల్‌ను కూడా సింథటిక్ అని అమ్ముకోవడం మామూలైపోయింది. ఆ మాట నాణ్యతకు సూచన మాత్రమే. 'రేసింగ్' అన్న మాటకు అదీ లేదు. నిజమైన రేసు ఆయిల్ కొద్ది గంటల పోటీ కోసం తయారైనది, ఏడాది పాటు మసిని మోయడానికి కాదు.

వారంటీ ఎప్పుడు పోతుంది, ఎప్పుడు పోదు

నాలుగో ఆయన భయపెట్టిన మాటకు వద్దాం. బయట బోల్టు ముట్టినా వారంటీ పోతుందా?

మన దేశంలో దీని మీద పెద్ద తీర్పే ఉంది. కార్ల కంపెనీలు విడిభాగాలనూ రిపేరు సమాచారాన్నీ తమ డీలర్లకే కట్టేసుకుంటున్నాయని 2011లో ఒక వినియోగదారుడు కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల పైగా జరిమానా వేసింది. మారుతి, టాటా, హోండా, టయోటా, ఫోక్స్‌వ్యాగన్‌తో పాటు మా జహీరాబాద్‌లో ట్రాక్టర్లు చేసే మహీంద్రా కూడా ఆ జాబితాలో ఉంది. జరిమానా అంకె పత్రికల్లో మారుమోగింది. మనలాంటివాళ్లకు పనికొచ్చే మాట మాత్రం లోపల ఉంది: బయటి గ్యారేజీలో పని చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదు, బయట చేసిన తప్పు పని వల్ల ఎంత నష్టం జరిగిందో అంత మేరకే వారంటీ నిరాకరించవచ్చు అని కమిషన్ చెప్పింది. కంపెనీలు దీన్ని కోర్టుల్లో సవాలు చేశాయి. అమెరికాలో 1975 నుంచే ఇలాంటి చట్టం ఉంది.

అంటే ఉస్తాద్ దగ్గర ఆయిల్ మార్పించవచ్చా? సూత్రం ప్రకారం సరైన ఆయిల్, సరైన ఫిల్టర్, సరైన గడువు ఉంటే భయం లేదు. కానీ నేను మావాడికి చెప్పింది వేరు. వారంటీ ఉన్నన్నాళ్లు ఆయిల్, ఫిల్టర్ పని ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్లోనే చేయించు అన్నాను. హక్కు మనకుంది, అది నిజం. ఇంజన్ పాడైన రోజున ఆ హక్కును నిరూపించుకోవడానికి నెలలు పడుతుంది, అన్నాళ్లూ కారు షెడ్డులో ఉంటుంది. సర్వీసు మొత్తం మీద మిగిలే రెండు మూడు వేల కోసం ఆ తగాదాకు చోటివ్వకూడదన్నది నా నిర్ణయం. ఉస్తాద్‌కు టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ పని ఇద్దాం అన్నాను. ఆయన నొచ్చుకోలేదు.

ఆథరైజ్డ్ సెంటరుకు ఇచ్చామని కళ్లు మూసుకోకూడదు కూడా. నా సొంత కారు విషయంలో ఒకసారి జరిగింది చెబుతాను, ఏ సర్వీస్ సెంటరో చెప్పను. బిల్లు మీద 'ఇంజన్ ఆయిల్, 3.5 లీటర్లు' అని మాత్రమే రాశారు. ఏ గ్రేడు అని అడిగితే అడ్వైజర్ డ్రమ్ము వైపు చూపించాడు. డ్రమ్ము మీద ఉన్నది నా మాన్యువల్లో రాసినది కాదు. మాన్యువల్ పేజీ తెరిచి చూపించి, మేనేజర్‌తో మాట్లాడితే మళ్లీ దింపి సరైనది పోశారు. గొడవ అవసరం రాలేదు, పేజీ తెరవడం సరిపోయింది. ఆనాటి నుంచి కారు ఇచ్చేటప్పుడే జాబ్ కార్డ్ మీద గ్రేడు, ఏపీఐ అక్షరాలు, కోడ్ రాయించి సంతకం పెడుతున్నాను. బిల్లులో కూడా అవే రావాలి. సీలు డబ్బాలు వాడితే వాటి బ్యాచ్ నంబరు, ఓడోమీటరు ఒకే ఫోటోలో పడేలా తీసుకుంటాను. ఒక్క నిమిషం పని.

గడువు కిలోమీటర్లలోనూ నెలల్లోనూ రాసి ఉంటుంది, ఏది ముందొస్తే అది. హ్యుందాయ్ పెట్రోల్ కార్లకు పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఫోక్స్‌వ్యాగన్‌కు పదిహేను వేలు లేదా ఏడాది. "నేను నాలుగు వేలే తిరిగాను కదా" అని ఏడాదిన్నర లాగినవాళ్లకు వారంటీ దగ్గర మొండిచెయ్యి ఎదురైంది. అంతా సరిగ్గా చేసి, రుజువులు చేతిలో ఉండి కూడా నిరాకరిస్తే వెనక్కి తగ్గకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. మా జిల్లావాళ్లకు సంగారెడ్డిలోనే వినియోగదారుల కమిషన్ ఉంది. కారణం ఏర్పడిన రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి.

పదిహేను రోజులకోసారి

సరైన ఆయిల్ పోయించి చేతులు దులుపుకుంటే పని అయిపోలేదు. టర్బో పెట్రోల్ ఇంజన్ కొద్దిగా ఆయిల్ తాగుతుంది, అది జబ్బు కాదు. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా మామూలే అని కొన్ని మాన్యువళ్లలో రాసి ఉంటుంది. డిప్‌స్టిక్ (గేజ్) మీద కింది గీతకూ పై గీతకూ మధ్య ఉన్నది చాలా కార్లలో సుమారు ఒక లీటరు. లెక్క వేసుకోండి, రెండు వేల కిలోమీటర్లు చూడకుండా తిరిగితే ఎక్కడికి దిగుతుందో.

సమతలం మీద కారు ఆపి, వేడి ఇంజన్ ఆఫ్ చేసి, ఐదు పది నిమిషాలు ఆగి గేజ్ తీయండి. గుడ్డతో తుడిచి, మళ్లీ చివరి దాకా దించి తీసి చూడండి. గీతలు చూడటంతో ఆపకుండా వాసన కూడా చూడండి. మావాడు వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో రెండు నెలలు ఊళ్లో ఉండి, రోజూ జహీరాబాద్ బజారు దాకా వెళ్లి వచ్చేవాడు. ఒక ఆదివారం గేజ్ తీస్తే ఆయిల్ తగ్గడం పోయి పై గీత మీదికి వచ్చింది. ముక్కు దగ్గర పెడితే పెట్రోలు వాసన. దగ్గరి ప్రయాణాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, కాలని పెట్రోలు రింగుల పక్కనుంచి జారి కింది ఆయిల్ చాంబర్‌లోకి చేరి ఆయిల్‌ను పల్చన చేస్తుంది. వారానికి ఒకసారైనా సదాశివపేట దాకా పోయి రమ్మన్నాను, గడువు కంటే ముందే ఆయిల్ మార్పించాం. చెరుకు బండ్ల సీజన్లో మా రోడ్ల మీద లేచే దుమ్ము కూడా తక్కువది కాదు. అలాంటి చోట తిరిగేవాళ్లు మాన్యువల్లో 'సివియర్ కండిషన్స్' అన్న పట్టిక చూడండి, అక్కడ గడువు తక్కువగా ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్‌ను అంతకంటే ముందే తెరిచి చూడండి.

డిక్కీలో సరైన ఆయిల్ ఒక లీటరు డబ్బా ఎప్పుడూ ఉంచండి. రాత్రివేళ దాబా పక్క దుకాణంలో ఏది దొరికితే అది పోసే అవసరం రాదు. ఒకవేళ వస్తే, దగ్గరి గ్రేడు అర లీటరు మించకుండా పోసి, సర్వీసులో చెప్పి రాయించండి. పికప్ పెంచుతామనే సీసా మందులు ఏవీ కలపకండి. ఎర్ర ఆయిల్ డబ్బా గుర్తు వెలిగితే ఇంటి దాకా పోదాం అనుకోకుండా అక్కడే పక్కకు తీసి ఇంజన్ ఆపండి.

ఇంకొక్క మాట, ఇది మన అందరి కోసం. ఖాళీ అయిన డబ్బాలు మూతలతో సహా పాత సామాన్లవాడికి వేయకండి. పేరున్న కంపెనీ ఖాళీ డబ్బాలోనే నకిలీ ఆయిల్ నిండుతుంది. ఒక మేకు తీసుకుని డబ్బా అడుగున రంధ్రం పొడవండి, లేబుల్ చించండి. వాడిన నల్ల ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. మోరీలోనో చేను గట్టునో పారబోయకుండా సర్వీస్ సెంటరుకే వదిలేయండి.

మావాడి కారు ఇప్పుడు నలభై వేలు దాటింది. నాలుగు బిల్లులు, వాటి వెనక నాలుగు ఫోటోలు డాష్‌బోర్డు అరలో మాన్యువల్ పక్కనే ఉన్నాయి. మీ కారు అరలో కూడా ఆ మాన్యువల్ ఉంటుంది, బహుశా ప్లాస్టిక్ కవరు కూడా విప్పి ఉండరు. ఈ రాత్రే విప్పండి. ఆయిల్ పేజీ వెతికి, గ్రేడు, ఏపీఐ అక్షరాలు, కంపెనీ కోడ్ మూడూ కనిపించేలా ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. రేపు ఎవరు ఏ సలహా ఇచ్చినా, ముందు ఆ ఫోటో తెరిచి చూపించండి.